ఓడ దిగిన గుఱ్ఱములు, కడుపులోని పురుగులు

కృష్ణవేణి సముద్రమున కలియు తావున, హంసలదీవికి చేరువను, పాలకాయతిప్ప యున్నది. ఆ ఇసుకతిన్నెలపై నిలిచి చూచువానికి ఉప్పునేల, మడచెట్లు, వలలు, ఎనుములు కనబడును గాని గుఱ్ఱములు తలంపునకు రావు. అయినను మన తీరమునకు గుఱ్ఱములతో పాతచుట్టఱికము కలదు.

మేలుజాతి గుఱ్ఱములకై మన రాజులు అరబ్బు, పారసీక దేశముల ఓడల నాశ్రయించిరి. ఇచ్చటికి పడమటనున్న మోటుపల్లి రేవున కాకతి గణపతిదేవుడు 1244-45లో అభయశాసనము నిలిపెను. తుపానున పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వరాజులు బలవంతముగా గైకొనుచుండిరనియు, తాను నిర్ణీతమైన సుంకము తప్ప వేరేమియు ముట్టననియు ఆయన అందు ప్రకటించెను.

తెచ్చుట యొకటి, బ్రతికించుట యొకటి. 13వ శతాబ్ది చివర వచ్చిన వెనిసు యాత్రికుడు మార్కోపోలో, దక్షిణపు మాబారును, అనగా తమిళతీరమును గూర్చి వ్రాయుచు, అచ్చటి రాజులు ఏటేట వేలకొలది గుఱ్ఱములను కొందురనియు, ఏడాది తిరుగునప్పటికి నూరైనను మిగులవనియు చెప్పినాడు. పోషణ తెలియకపోవుటయే కారణమని ఆయన మతము. పైగా, బేరము తగ్గునను భయమున వర్తకులు అశ్వవైద్యులను అచ్చటికి పోనీయరట! లెక్కలో అతిశయోక్తి యుండవచ్చును. వర్తకుని బుద్ధిని గూర్చిన మాట మాత్రము నమ్మదగినదే.

మనవారికి అశ్వశాస్త్రము లేకపోలేదు. శాలిహోత్రుని పేర సంస్కృతమున గొప్ప సంప్రదాయమున్నది. తెలుగున మనుమంచిభట్టు 15వ శతాబ్దిలో హయలక్షణవిలాసము రచించెను. కాని గుఱ్ఱమును కొనువాడు సుళ్లు చూచును, లద్దె చూడడు. అసలు సంగతి లద్దెలో నున్నది.

గుఱ్ఱపుపిల్ల కడుపులోని ఏలికపాము జానెడు మొదలు మూరెడు వఱకు పెరుగును. ఇవి మిక్కుటమైనచో ప్రేగున కడ్డుపడి పిల్లను చంపును. వాని గ్రుడ్లు దళసరి పెంకు కలవగుటచే నేలలో ఏండ్లతరబడి చావవు. పెద్దగుఱ్ఱములకు నెత్తురు పీల్చు సన్నపురుగు మరింత ప్రమాదకరము. లద్దెలోని గ్రుడ్లు తడికి పిగిలి, పిల్లపురుగులు గడ్డిపోచలపైకి ప్రాకును. గుఱ్ఱము మేసిన పిదప అవి ప్రేగుగోడను తొలిచి, ప్రేగులకు నెత్తురు తెచ్చు ధమనిలో నెలలతరబడి నివసించును. ధమని వాచును, గడ్డకట్టిన నెత్తుటిముక్కలు దిగువనాళముల నడ్డగించును, నెత్తురందని ప్రేగు చచ్చును. గుఱ్ఱము నేలబడి పొర్లి పొర్లి ప్రాణము విడుచును. శూల యందఱికిని కనబడినది; పురుగు కనబడలేదు. శూల లన్నియు పురుగులవలననే కలుగునని మాత్రము తలపరాదు.

ఎండిన నేల ఈ పిల్లపురుగులకు మృత్యువు, తడియు నీడయు వానికి ప్రాణము. 1855లో బెజవాడ ఆనకట్ట ముగిసిన పిమ్మట కాలువల నీరు పాఱిన మన లంకసీమకంటె వానికి అనువైన తావు వేఱేమి కావలెను? బందరు, గుడివాడ జట్కాగుఱ్ఱములకు కోసితెచ్చిన గట్టుగడ్డి అట్టి తడినేలలో మొలచినదే.

మాబారు గుఱ్ఱములు ఈ పురుగులవలననే చచ్చెనని నేననను. సుర్రా యను రోగమునకు నెత్తుటిలోని సూక్ష్మక్రిమి కారణమని 1880లో ఈవాన్సు దొర పంజాబున కనుగొనెను, అట్టివియు నుండియుండవచ్చును.

పురుగుమందులలో 1940 ప్రాంతమున ఫినోథయజీను, 1961లో థయబెండజోలు, 1980 తరువాత ఐవర్మెక్టిను వచ్చెను. కడపటిది జపాను మట్టిలో దొరికిన సూక్ష్మజీవినుండి పుట్టినది; దానిని సాధించినవారికి 2015లో నోబెలు బహుమాన మిచ్చిరి. అయినను 2002లోనే నెదర్లాండ్సు దేశమున గుఱ్ఱపుపిల్లల ఏలికపాములు దీనికి లొంగలేదని తేలెను. అందుచేత నేటి పశువైద్యులు లద్దెలోని గ్రుడ్లను సూక్ష్మదర్శినితో లెక్కించి, అవసరమైన గుఱ్ఱమునకే మందిత్తురు. గుఱ్ఱములు మేసిన బీటిలోనికి పిదప పశువులను తోలుటయు మేలే. గుఱ్ఱపు పురుగుపిల్లలు ఆవు కడుపున బ్రతుకజాలవు. వారమునకు రెండుమాఱులు బీటిలోని లద్దెను ఎత్తిపాఱవేయించిన చోట్ల, మందిచ్చిన చోట్లకంటె పురుగు తక్కువగా కనబడినది.