రంగు తప్పని తెర

కంప్యూటర్‌లో దాచిన బొమ్మలో రంగులుండవు, అంకెలుంటాయి. ప్రతి చుక్కకూ మూడేసి: ఎరుపు ఇంత, ఆకుపచ్చ ఇంత, నీలం ఇంత. ఆ ఎరుపు ఏ ఎరుపో, ఎంత ముదురో అంకెలు చెప్పవు. అది తేల్చేది వాటిని వెలుగుగా మార్చే తెర. ఒకే ఫైలు పక్కపక్కనున్న రెండు మానిటర్లలో రెండు రకాలుగా కనిపించడానికి కారణం ఇదే. డిజిటల్ చిత్రకారులు మానిటర్ కొనేటప్పుడు వెతికే ఎస్‌ఆర్‌జీబీ, అడోబ్ ఆర్‌జీబీ, డీ65, డెల్టా ఈ వంటి పేర్లన్నీ ఈ చిక్కు విప్పడానికి వేర్వేరు కాలాల్లో కుదిరిన ఒడంబడికలు. వాటిలో చాలావరకు చిత్రకారుల కోసం పుట్టినవి కావు. టీవీ కోసం, అచ్చు కోసం, సినిమా కోసం పుట్టి చిత్రకారుల బల్ల మీదికి చేరాయి.

రంగుకు ముందుగా ఒక కొలత కావలసి వచ్చింది. 1920ల చివర ఇంగ్లండ్‌లో డేవిడ్ రైట్ పదిమందితో, జాన్ గిల్డ్ ఏడుగురితో విడివిడిగా ప్రయోగాలు చేశారు. కంటి ముందు రెండు సగాలు. ఒక సగంలో ఒక శుద్ధమైన వెలుగు, రెండో సగంలో మూడు వెలుగుల మిశ్రమం. రెండూ ఒకటేనని అనిపించేదాకా పాళ్లు మార్చుకుంటూ పోవాలి. ఆ 17 మంది చూపు సగటునే అంతర్జాతీయ దీపన సంఘం సీఐఈ 1931లో ప్రమాణంగా తీసుకుంది. అప్పటి నుంచి ఏ రంగు ఛాయనైనా రెండు అంకెలతో ఒక పటం మీద గుర్తించడం వీలైంది. తెర వాడే మూడు మూల రంగులను ఆ పటంపై గుర్తించి గీతలు కలిపితే త్రిభుజం వస్తుంది. ఆ తెర చూపగలిగేవి దాని లోపలి రంగులే.

1953 డిసెంబరు 17న అమెరికా ప్రభుత్వం రంగుల టీవీకి ఎన్‌టీఎస్‌సీ పద్ధతిని ఆమోదించింది. అందులో మూల రంగులు సీఐఈ అంకెలతో ఖరారయ్యాయి. కాగితం మీద గొప్ప త్రిభుజమే. దానికి లొంగనివి పిక్చర్ ట్యూబు లోపలి గాజుకు పూసే ఫాస్ఫర్ పొడులు. అంత ముదురు ఆకుపచ్చనిచ్చే పొడి మసకగా వెలిగేది, ఎరుపు పొడి మరీ నీరసం. పగటిపూట ఇంట్లో కూర్చుని టీవీ చూసేవాళ్లకు ముదురు రంగు కన్నా కాంతి ముఖ్యం. అందుకే 1960లలో తయారీదారులు రంగు కొంత పలచబడినా బాగా వెలిగే పొడులకు మారిపోయారు. 1964లో యూరోపియం కలిపిన ఇట్రియం ఎరుపు ఫాస్ఫర్ వచ్చి ఎరుపు నీరసాన్ని తీర్చింది. అప్పటిదాకా ఎరుపుతో సరితూగాలని తగ్గించి వెలిగించిన మిగతా రెండు రంగులకూ అప్పుడే స్వేచ్ఛ దొరికింది. ప్రమాణం మాత్రం పుస్తకంలో అలాగే ఉండిపోయింది. ఊరికో శేరు చెల్లినట్టు కంపెనీకో త్రిభుజం చెల్లింది.

టీవీలు ఎప్పుడో వదిలేసిన ఆ 1953 త్రిభుజం విచిత్రంగా నేటికీ మానిటర్ పెట్టెల మీద బతికే ఉంది. ‘72 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అంటే వైశాల్యంలో సుమారు ఎస్‌ఆర్‌జీబీ అంత. చవక ల్యాప్‌టాప్‌ల వివరాల్లో కనిపించే 45 శాతం అందులో మూడింట రెండు వంతులు కూడా లేదు. పైగా వైశాల్యాలు సరిపోయినంత మాత్రాన రెండు త్రిభుజాలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. కొనేవారికి ఇంత తక్కువ చెప్పే అంకె ఇంతకాలం నిలవడం ఆశ్చర్యమే.

స్టూడియోలు ఈ గందరగోళాన్ని భరించలేకపోయాయి. నటి ముఖం ఒక గదిలో గులాబీగా, మరో గదిలో పసుపుగా కనిపిస్తే సరిదిద్దేవాడు దేన్ని నమ్మాలి? యూరప్ ప్రసార సంఘం ఈబీయూ, అమెరికాలో ఎస్‌ఎమ్‌పీటీఈ ఇంజనీర్లు 1970, 80లలో ఆదర్శ త్రిభుజాన్ని పక్కనపెట్టి, నిజంగా దొరికే ఫాస్ఫర్లనే ప్రమాణంగా రాసుకున్నారు. స్టూడియో మానిటర్ అన్న వేరే జాతి అలా స్థిరపడింది. అది అందంగా చూపించే తెర కాదు, ఒప్పందం ప్రకారం చూపించే తెర.

సోనీ 1968లో తెచ్చిన ట్రినిట్రాన్ ట్యూబు ఈ రంగాన్ని చాలాకాలం ఏలింది. చిల్లుల రేకు బదులు నిలువు తీగల వరుస వాడటంతో ఎక్కువ ఎలక్ట్రాన్లు ఫాస్ఫర్‌ను చేరేవి, కాంతి పెరిగేది. ఆ తీగలు అదరకుండా అడ్డంగా ఒకటో రెండో సన్నని తీగలు కట్టేవారు. తెల్లటి బొమ్మ తెరిస్తే వెంట్రుకలాంటి వాటి నీడ తెర మీద అడ్డంగా కనిపించేది. కొత్తగా కొన్నవారు అది లోపమని దుకాణానికి తిరిగి తీసుకెళ్లడమూ ఉండేది. అలవాటైనవారికి అది అసలు ట్రినిట్రాన్ అని చెప్పే గుర్తు.

తెర మీద బొమ్మ గీయడం మొదలైన తొలిరోజుల్లో రంగు తేడా పెద్ద సమస్య కాలేదు. జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో రిచర్డ్ షూప్ 1973లో నడిపిన సూపర్‌పెయింట్ అయినా, బ్రిటన్‌లో క్వాంటెల్ 1981లో తెచ్చిన పెయింట్‌బాక్స్ అయినా టీవీ కోసమే. డేవిడ్ హాక్నీ బీబీసీ కార్యక్రమంలో పెయింట్‌బాక్స్ మీద గీసినప్పుడు ఆయన చూసిందీ, ప్రేక్షకులు ఇంట్లో చూసిందీ ఒకే జాతి తెర. వెలుగుతో గీసిన బొమ్మ వెలుగుగానే చేరింది.

చిక్కంతా కాగితంతో వచ్చింది. 1987లో రంగులు చూపే మ్యాకింటాష్ 2, 1990లో ఫొటోషాప్ వచ్చాక పత్రికల పేజీలు, పుస్తకాల ముఖచిత్రాలు తెర మీదే తయారవసాగాయి. తెర వెలుగును కలుపుతుంది, ఇంకు వెలుగును మింగుతుంది. తెర మీద మెరిసిన నీలం ఆఫ్‌సెట్‌లో వంగపండు రంగుకు తిరగడం, చిలకపచ్చ మట్టిపట్టడం ప్రెస్సుల్లో రోజూ చూసేవే. దీనికి తోడు మామూలు మానిటర్లు ఫ్యాక్టరీ నుంచి 9300 కెల్విన్ తెలుపుతో వచ్చేవి. అది నీలం కొట్టే తెలుపు, షాపులో ధగధగలాడుతుంది. ప్రెస్సువాళ్లు ప్రూఫు చూసేది 5000 కెల్విన్ దీపం కింద. పైగా అంకె పెరిగేకొద్దీ వెలుగు ఎలా పెరగాలో చెప్పే గామా యాపిల్ యంత్రాల్లో 1.8, మిగతా చోట్ల 2.2. ఒకే బొమ్మ ఒకచోట నుంచి మరోచోటికి వెళ్తే నీడలు ముదిరేవి లేదా తేలిపోయేవి. యాపిల్ 2.2కు మారింది 2009లోనే.

ప్రింటింగ్ అవసరమే ఖరీదైన కంప్యూటర్ మానిటర్లకు తొలి మార్కెట్ ఇచ్చింది. 1990లలో రేడియస్ ప్రెస్‌వ్యూ, బెల్జియం కంపెనీ బార్కో క్యాలిబ్రేటర్, ఆ తర్వాత సోనీ ఆర్టిజన్ వంటివి వేల డాలర్లు పలికేవి. వాటి చుట్టూ నల్లటి గొడుగు, గదిలో బూడిదరంగు గోడలు. ఉదయం ఆన్ చేశాక ట్యూబు వేడెక్కి కుదురుకునేదాకా అరగంట ఎవరూ రంగు పని ముట్టకూడదు. తర్వాత గాజుకు కొలత పరికరాన్ని రబ్బరు కప్పుతో అంటించాలి. దాని కింద తెలుపు, బూడిద, ఎరుపు, ఆకుపచ్చ, నీలం మచ్చలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగి ఆరుతుంటే పరికరం చదువుకుంటుంది. బార్కోలాంటి మానిటర్లు ఆ లెక్కను బట్టి తమ ఎలక్ట్రాన్ గన్నులను తామే సవరించుకునేవి. ఫాస్ఫర్ పాతబడుతూనే ఉంటుంది కాబట్టి ఈ తంతు కొన్ని వారాలకోసారి తప్పదు.

ఈ పద్ధతిలో భారమంతా మానిటర్ మీదే. 1993లో ఆలోచన మారింది. యాపిల్ కలర్‌సింక్ తెచ్చిన ఆ ఏడే యాపిల్, అడోబ్, కొడాక్, మైక్రోసాఫ్ట్ సహా ఎనిమిది కంపెనీలు కలిసి ఐసీసీ అనే సంఘం పెట్టుకున్నాయి. ప్రతి తెరకూ, స్కానర్‌కూ, ప్రింటర్‌కూ దాని స్వభావం రాసిన చిన్న ఫైలు ఉంటుంది. దాని పేరు ప్రొఫైల్. ఒక పరికరం అంకెలను మరో పరికరం అంకెల్లోకి సాఫ్ట్‌వేర్ మారుస్తుంది. తెర ఆదర్శంగా ఉండాల్సిన పనిలేదు, అది ఎలా ఉందో నిజం చెబితే చాలు. మానిటర్ చరిత్రలో దీనికన్నా పెద్ద మలుపు లేదు.

అయితే ఇంటింటికీ కొలత పరికరం రాదు. అందుకే 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ మరో దారి చూపాయి. అప్పటి సగటు ట్యూబు మానిటర్ ఎలా ఉందో అదే ప్రమాణం అనుకుంటే, ప్రొఫైల్ లేని బొమ్మకూ ఒక అర్థం ఉంటుంది. హైడెఫినిషన్ టీవీ మూల రంగులు, డీ65 అనే పగటి వెలుగు తెలుపు, 80 నిట్ల కాంతి, 64 లక్స్ మసక గది: ఇదీ ఎస్‌ఆర్‌జీబీ. 1999లో అంతర్జాతీయ ప్రమాణమైంది. దాని త్రిభుజం చిన్నదని, ఆఫ్‌సెట్ సయాన్, పచ్చ రంగుల్లో కొన్ని అందులో ఇమడవని అచ్చు రంగంవాళ్లు మొదటి నుంచీ సణిగారు. నిజమే, కానీ ఎక్కువమందికి ఉన్న తెరను ప్రమాణంగా తీసుకోవడమే దాని బలం.

అడోబ్ ఆర్‌జీబీ పుట్టుక మరీ తమాషా. 1998లో ఫొటోషాప్ 5లో చేర్చిన రంగుల పరిధుల్లో ఒకదానికి ఎస్‌ఎమ్‌పీటీఈ-240ఎమ్ అనే టీవీ ప్రమాణం పేరు పెట్టారు. తీరా చూస్తే అంకెలు ఆ ప్రమాణానివి కావు. ఈలోగా వాడుకరులు దాన్ని మెచ్చేశారు; అచ్చులో వచ్చే పచ్చలు, సయాన్లు అందులో ఇముడుతున్నాయి. అడోబ్ అంకెలు దిద్దకుండా పేరు మార్చింది. నేడు ఖరీదైన మానిటర్లు ‘99 శాతం అడోబ్ ఆర్‌జీబీ’ అని చాటుకునే పరిధి వెనక ఉన్నది ఆ పొరపాటే.

ఎల్‌సీడీ తెరలు వచ్చిన కొత్తలో చిత్రకారులకు అది వెనకడుగే. చవకైన టీఎన్ ప్యానెళ్లలో తల కాస్త కదిలిస్తే చర్మం రంగు మారిపోయేది. తెర పై అంచున ఉన్న బూడిదరంగే కింది అంచున తేలికగా కనిపించేది. చాలా ప్యానెళ్లు ఒక్కో రంగులో 64 మెట్లే చూపి, మిగతావి గబగబా మార్చి ఉన్నట్టు భ్రమింపజేసేవి. 1996లో హిటాచీ మార్కెట్లోకి తెచ్చిన ఐపీఎస్ ప్యానెల్ పక్క నుంచి చూసినా రంగు తిరగనివ్వలేదు. మరో చిక్కు క్యాలిబ్రేషన్‌లోనే ఉంది. సవరణ గ్రాఫిక్స్ కార్డులో జరిగితే 256 మెట్లలో కొన్ని పోయి, సాయంత్రపు ఆకాశం చారలు చారలుగా విరిగేది. జపాన్ కంపెనీ ఐజో 2003లో మొదలుపెట్టిన కలర్‌ఎడ్జ్ సీజీ వరుసలో సవరణ మానిటర్ లోపలే, ఇంకా సన్నని మెట్లతో జరిగింది. మరుసటేడు అదే వరుసలో అడోబ్ ఆర్‌జీబీ పరిధి చూపే ఎల్‌సీడీ వచ్చింది. 2010లో కొలత పరికరం చట్రంలోనే దాక్కుని, వేళకు బయటికి వచ్చి తెరను కొలుచుకోసాగింది.

పరిధి పెరగడమే మేలనుకున్నవారికి అప్పుడే గట్టి దెబ్బ తగిలింది. ప్రొఫైల్ పట్టించుకోని బ్రౌజర్లలో ఎస్‌ఆర్‌జీబీ ఫొటోలు పెద్ద త్రిభుజం మీద సాగిపోయి, ముఖాలు ఎండదెబ్బ తిన్నట్టు ఎర్రబడ్డాయి. విస్తృతి వేరు, కచ్చితత్వం వేరు. రెండోదాన్ని కొలిచేది డెల్టా ఈ: అడిగిన రంగుకూ చూపిన రంగుకూ మధ్య దూరం. 1976 నాటి సూత్రం ప్రకారం కంటికి తెలిసే తేడా సుమారు 2.3. పెట్టె మీద ‘డెల్టా ఈ 2 లోపు’ అన్నది తరచూ సగటు మాత్రమే. సగటు బాగున్న తెరలోనూ ఒక ముదురు నీలం చాలా దూరం తప్పవచ్చు. ఏ సూత్రంతో లెక్కగట్టారో అదీ చెప్పరు. 1976 సూత్రం, తర్వాతి డెల్టా ఈ 2000 సూత్రం ఒకే తెరకు వేర్వేరు అంకెలిస్తాయి.

ట్యూబులు మార్కెట్ నుంచి పోతుండగా యానిమేషన్ స్టూడియోలు కంగారుపడ్డాయి. డ్రీమ్‌వర్క్స్‌తో కలిసి హెచ్‌పీ 2008లో డ్రీమ్‌కలర్ మానిటర్ తెచ్చింది: 24 అంగుళాలు, వంద కోట్లకు పైగా రంగులు, 3,499 డాలర్లు. ఒకే సినిమా పని ఖండాలు దాటుతున్న రోజులవి. రిథమ్ అండ్ హ్యూస్ 2012 నాటి ‘లైఫ్ ఆఫ్ పై’ పనిని లాస్ ఏంజెలెస్‌తో పాటు హైదరాబాద్, ముంబై శాఖల్లోనూ చేయించింది. పులి ఒంటి నారింజ అన్ని ఊళ్లలో ఒకటే కాకపోతే అలాంటి పని నడవదు.

2011లో సోనీ స్టూడియో ఓలెడ్ మానిటర్లు వచ్చాక మరో వింత ఎదురైంది. పరికరం లెక్క ప్రకారం ట్యూబు తెలుపూ ఓలెడ్ తెలుపూ ఒకటే. పక్కపక్కన పెడితే కళ్లు ఒప్పుకోలేదు. ఓలెడ్ వెలుగు సన్నని పట్టీలుగా ఉండటంతో 1931 సగటు చూపులోని లోపాలు, మనిషికీ మనిషికీ ఉండే తేడాలు బయటపడ్డాయి. ఆ సగటు చూపుకు జడ్ 1951లో చేసిన సవరణ ఆధారంగా సోనీ తెలుపు స్థానాన్ని కాస్త జరపమని సూచించింది.

చిత్రకారుల చేతికి నేరుగా తెర అందింది వాకామ్ సింటిక్ పేరుతో, 2001లో. పెన్ను జారకుండా గరుకు చేసిన ఉపరితలం రంగును కాస్త మసకబార్చేది కాబట్టి, చాలామంది గీయడం దాని మీద, రంగు తేల్చడం పక్కనున్న మానిటర్ మీద చేసేవారు. 2015లో యాపిల్ ఐమ్యాక్‌ను, 2016లో ఐఫోన్ 7ను పీ3 పరిధికి మార్చింది. డిజిటల్ సినిమా ప్రొజెక్టర్ల కోసం రాసుకున్న త్రిభుజం అలా అందరి జేబుల్లోకి వచ్చింది. చూసేవారిలో కొందరి ఫోన్లు పీ3, కొందరివి ఎస్‌ఆర్‌జీబీ, అచ్చుకిస్తే అడోబ్ ఆర్‌జీబీ. అందుకే ఇప్పటి చిత్రకారుల మానిటర్లలో పెద్ద పరిధితో పాటు, దాన్ని ఎస్‌ఆర్‌జీబీకి కుదించే మీట ఒకటి తప్పనిసరిగా ఉంటోంది. వెబ్ కోసం గీసేవారు రోజులో ఎక్కువసేపు పనిచేసేది ఆ కుదించిన పరిధిలోనే.