రెయిన్‌గేజి పుస్తకం చెప్పిన చరిత్ర



క్రిందటిసారి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ట్రెజరీకి వెళ్ళినపుడు వరండాలో ఒక చిన్న వాదన జరిగింది. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మిత్రులొకరు, “ఏమండీ, ఎత్తుకు పోయేకొద్దీ చల్లగా ఉంటుందని చిన్నప్పుడు చదువుకున్నాం గదా! మీ అనంతపురం మా కాకినాడ కంటే వెయ్యి అడుగులకు పైగా ఎత్తున ఉంది. మరి ఈ ఎండలేమిటి, ఈ కరువేమిటి?” అన్నారు. అందరూ నవ్వారు గాని జవాబు ఎవరూ చెప్పలేదు. ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శి గారు అడిగినపుడు ఆ ప్రశ్నే గుర్తుకు వచ్చింది. నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను. అయితే ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తాలూకా కచేరీలో రెయిన్‌గేజి పుస్తకం రాసినవాణ్ణి. ఆ అర్హతతోనే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఎత్తు సంగతి. ఎండ గాలిని నేరుగా వేడి చేయదు. నేలను వేడి చేస్తుంది, నేల గాలిని వేడి చేస్తుంది. వేడెక్కిన గాలి పైకి లేస్తుంది. పైన ఒత్తిడి తక్కువ గనుక అది వ్యాకోచించి చల్లబడుతుంది. సైకిలు ట్యూబు వాల్వు విప్పితే బయటికొచ్చే గాలి వేలికి చల్లగా తగలడం మనకందరికీ అనుభవమే. ఈ లెక్కన సగటున ప్రతి వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల సెంటిగ్రేడు తగ్గుతుంది. మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది, అందుకే అక్కడి సాయంత్రాలు హాయిగా ఉంటాయి. దాని దాపున ఉన్న ఏనుగు మల్లమ్మ కొండ 4,000 అడుగుల పైచిలుకు. 1870 ప్రాంతంలో కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ దొర వేసవికి అక్కడ బంగళా కట్టించుకున్నాడు. కొండకు ఆయన పేరే స్థిరపడి హార్స్‌లీ హిల్స్ అయింది. దిగువన కచేరీల్లో గుమాస్తాలు తాటాకు విసనకర్రలతో కాలం గడుపుతుంటే, దొరలకు ఎత్తు విలువ ముందే తెలిసిందన్నమాట! ఉత్తరాన విశాఖ మన్యంలోని లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. శీతకాలపు రాత్రులలో చుట్టూ ఉన్న కొండల మీది చల్లగాలి బరువెక్కి లోయలోకి దిగి నిలుస్తుంది. అందుచేత అక్కడ పాదరసం సున్నా దరిదాపులకు దిగిన రోజులున్నాయి.

మరి అనంతపురం? అది 350 మీటర్ల ఎత్తు మాత్రమే. ఆ ఎత్తు చేసే మేలు రెండు డిగ్రీల పైచిలుకు మాత్రమే. ఆ మేలును సముద్రపు దూరం మింగేస్తుంది. నీరు నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారుతుంది. కాకినాడకు, విశాఖకు మధ్యాహ్నం సముద్రపు గాలి వీస్తుంది. చెమట పట్టిస్తుంది గాని ఎండను అదుపులో పెడుతుంది. మన సీమకు ఆ గాలి అందదు. పల్నాటిలోని రెంటచింతల పేరు ఏటా వేసవి వార్తల్లో వినబడేదీ ఇందుకే. అటు ఎత్తూ లేదు, ఇటు సముద్రపు గాలీ చేరదు.

ఇక వాన సంగతి. నైరుతి గాలి అరేబియా సముద్రం నుంచి తేమ మోసుకువచ్చి పడమటి కనుమలకు కొట్టుకుంటుంది. పైకెక్కిన గాలి చల్లబడి, ఉన్న నీరంతా అక్కడే కుమ్మరిస్తుంది. కర్ణాటకలోని ఆగుంబెలో ఏడాదికి ఏడు వేల మిల్లీమీటర్లకు పైగా పడుతుంది. కనుమలు దాటి మనవైపు దిగే గాలి మళ్ళీ వేడెక్కి పొడిబారుతుంది. అనంతపురానికి మిగిలేది ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్లు. పోనీ ఈశాన్య ఋతుపవనమైనా ఆదుకుంటుందా అంటే, అది బంగాళాఖాతం వైపు నుంచి వచ్చి నెల్లూరును తడిపి, తూర్పు కొండలు ఎక్కి దిగేసరికి అలసిపోతుంది. రెండు పెళ్ళిళ్ళకు పిలుపున్నా రెండు చోట్లా ఆఖరి పంక్తిలో కూర్చున్నవాడి గతి మన సీమది. కొండ తన మీద ఉన్నవాడికి చల్లదనమిచ్చి, తన వెనక ఉన్నవాడికి కరువునిస్తుంది. మా కాకినాడ మిత్రుని ప్రశ్నకు నా జవాబు ఇదే.

ఈ సంగతులు మన పెద్దలకు పుస్తకాల్లో గాక ప్రాణాల మీదకు వచ్చి తెలిశాయి. 1876లో, ధాత నామ సంవత్సరంలో, వానలు ముఖం చాటేశాయి. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. 1882 దాకా అది బళ్ళారి జిల్లాలో భాగమే. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ఆ కరువులో ఘోరంగా దెబ్బ తిన్నాయి. 1878 దాకా సాగిన ఆ క్షామంలో దేశంలో చనిపోయినవారు యాభై లక్షలకు పైమాటేనని అంచనా. కరువు పనుల తనిఖీకి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో ఖర్చు తగ్గించడానికి కూలికిచ్చే ధాన్యాన్ని రోజుకు ఒక పౌనుకు కుదించాడు. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ ఆ తిండి కష్టం చేసే మనిషిని నిలబెట్టదని కాగితం మీద వాదించాడు. కొన్ని నెలల తర్వాత గాని కూలి పెంచలేదు. ఒక అంకెకు, ఇంకో అంకెకు మధ్య ఎన్ని ప్రాణాలున్నాయో ఆలోచించండి.

వానను లెక్కగట్టే ప్రయత్నం అప్పటికే మొదలైంది. మన తెలుగువారు గోడే వెంకట జగ్గారావు గారు 1840లోనే విశాఖపట్నంలో స్వంత వేధశాల పెట్టారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపించారు. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. ధాత కరువు తర్వాత, సూర్యునిలోని మచ్చలకూ వానలకూ సంబంధముందేమోనన్న ఆలోచన బలపడింది. 1899లో కొడైకెనాల్ కొండ మీద సూర్య వేధశాల వెలిసింది. 1904లో వాతావరణ శాఖ అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణితవేత్త. ఆయన దేశదేశాల రికార్డులు ముందు పెట్టుకొని, పసిఫిక్ మహాసముద్రంలో గాలి ఒత్తిడి మార్పులకూ మన ఋతుపవనాలకూ ముడి ఉందని కనిపెట్టాడు. 1877లో పసిఫిక్ జలాలు వేడెక్కి బలమైన ఎల్‌నినో ఏర్పడిందని ఈనాడు మనకు తెలుసు. ఎక్కడి పసిఫిక్, ఎక్కడి బళ్ళారి! అయితే ఒక్కటి గమనించాలి. ఈ శాస్త్రమంతా నిలబడింది ఊరూరా ఎవరో ఒకరు రోజూ రాసిపెట్టిన అంకెల మీద. ఆ రాసినవారిలో చాలామంది మనలాంటి చిరుద్యోగులే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మా కచేరీ ఆవరణలో ముళ్ళకంచె మధ్య రెయిన్‌గేజి ఉండేది. ఉదయం ఎనిమిదిన్నరకు సీసాలోని నీటిని కొలత గ్లాసులో పోసి చూసి పుస్తకంలో రాయాలి. రెండున్నర మిల్లీమీటర్లయినా పడితేనే దాన్ని వాన దినంగా లెక్క వేస్తారు. 1970ల చివర ఒక జులై ఆదివారం బంధువుల పెళ్ళికని పన్నెండు మైళ్ళ దూరంలోని ఊరికి వెళ్ళాను. రాత్రి అక్కడ కుంభవృష్టి. మర్నాడు పదకొండింటికి కచేరీ చేరేసరికి అటెండరు సీసా కడిగి పెట్టేశాడు. “ఏమాత్రం ఉన్నాయప్పా నీళ్ళు?” అంటే, “సూడలేదు సార్, పారబోసినా” అన్నాడు. పెళ్ళివారింట పడిన వానను తలుచుకొని 32 మిల్లీమీటర్లని రాసేశాను.

మూడు నెలలు గడిచాక కరువు గ్రామాల విచారణ వచ్చింది. పక్క ఊరి ముసలి రైతు ఒకాయన కచేరీకి వచ్చి, “మా చేలల్లో దుమ్ము కూడా తడవలేదు సామీ, విత్తనం మట్టిలోనే మాడిపాయ. మీ బుక్కులో మాత్రం పదును వాన పడిందంట గదా!” అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకుందామన్నట్టు అడిగాడు. ఆ రోజు సాయంత్రం మా హెడ్ క్లర్కు గారి దగ్గర నిజం ఒప్పుకున్నాను. ఆయన తిట్టలేదు. పుస్తకం తెప్పించి, ఆ అంకెను ఎర్రసిరాతో కొట్టించి, “పరిశీలన జరగలేదు” అని రాయించి సంతకం పెట్టించారు. “నాయనా, ఖాళీ గడి తప్పు కాదు. ఊహించి నింపిన గడే తప్పు” అన్నారు. సవరణ కాగితం పైకి వెళ్ళింది గాని అప్పటికే ఆలస్యమయింది. ఆ ఏడు జాబితాలో ఆ ఊరి పేరు రాలేదు. నా అంకె ఒక్కటే కారణమని ఎవరూ అనలేదు. కాదని నేనూ ఇన్నేళ్ళుగా అనలేకపోతున్నాను.

తర్వాత ఆ సీటులో ఉన్నంతకాలం ఎనిమిదిన్నర దాటనివ్వలేదు. పండగైనా, జ్వరమైనా నేను వెళ్ళాను, లేదా నమ్మకమైనవారిని పంపాను.

ఈ రోజుల్లో యంత్రాలే వానను కొలిచి తమంతట తామే కబురు పంపుతున్నాయి. సంతోషమే. మా మనవడు సెల్‌ఫోనులో చూసి, “తాతయ్యా, సాయంత్రం వాన” అంటాడు. ఆ మాట వెనక కొండ ఉంది, సముద్రం ఉంది, దూరపు పసిఫిక్ ఉంది, నూటయాభై ఏళ్ళుగా కంచె తలుపు తీసి సీసా ఎత్తి చూసిన అనామకులు ఉన్నారు. మీలో ఎవరైనా ఆ పుస్తకం రాసినవారుంటే ఆ సంగతి మీ మనవలకు చెప్పండి. మనం చేసింది చిన్న పని కాదు.

సెలవు.