జాతర జనంలో పెరిగిన స్కౌటు

మన బడుల్లో స్కౌట్ అంటే మెడలో స్కార్ఫు, ఆగస్టు పదిహేనున కవాతు, ఫైల్లో దాచుకునే సర్టిఫికెట్టు. దాని చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా బేడెన్ పావెల్ దగ్గరే మొదలుపెడతారు. 1907లో బ్రౌన్‌సీ ద్వీపంలో ఇరవై మంది కుర్రాళ్లతో ఆయన వేసిన శిబిరం, మరుసటేడు వచ్చిన పుస్తకం, 1909లో బెంగుళూరు బిషప్ కాటన్ పాఠశాలలో కెప్టెన్ బేకర్ పెట్టిన దళం. తేదీలన్నీ సరైనవే. కాని ఆ వరసలో చదివితే స్కౌటింగ్ ఓడ దిగి వచ్చిన సీమ సరుకులా కనిపిస్తుంది. అది ఇక్కడ వేళ్లూనుకున్నది మాత్రం కుంభమేళాల్లో, తీర్థాల్లో, తప్పిపోయిన పిల్లల కోసం తల్లులు వెతుక్కునే రేవుల్లో. విద్య బయటిదే అయినా, దాన్ని దేనికి వాడాలో తేల్చుకున్నది మనవాళ్లు.

బెంగుళూరు దళం యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ పిల్లలది. భారతీయ బాలురను చేర్చుకోవడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. బెంగాల్‌లో బాంబులు పేలుతున్న రోజుల్లో అడుగుజాడలు పట్టడం, దిక్కు తెలుసుకోవడం, రాత్రిళ్లు అడవిలో గడపడం కుర్రాళ్లకు నేర్పితే ఏమవుతుందో దొరలు ఊహించుకోగలిగారు. సైన్యంలో చేరి, 1876లో లక్నోలో గుర్రపు దళంలో అడుగుపెట్టిన బేడెన్ పావెల్ అల్లిన విద్యను ఈ దేశపు పిల్లలకే నిషేధించడం విచిత్రమే. తలుపు మూస్తే ఇక్కడివాళ్లు కిటికీ తెరిచారు. 1913లో షాజహాన్‌పూర్‌లో శ్రీరామ్ బాజ్‌పేయి కుర్రాళ్లను సేవకు కూడగట్టాడు. 1916లో మద్రాసులో అనిబిసెంట్, అరండేల్ ఇండియన్ బాయ్ స్కౌట్స్ అసోసియేషన్ స్థాపించి, పిల్లలకు టోపీ బదులు తలపాగా కట్టించారు. మరుసటేడే హోంరూల్ ఉద్యమం నడిపినందుకు ఆ ఇద్దరినీ, బి.పి. వాడియాతో పాటు, ఊటీలో నిర్బంధించారు. 1918లో అలహాబాదులో మదనమోహన మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, బాజ్‌పేయి కలిసి సేవాసమితి బాయ్ స్కౌట్స్ అసోసియేషన్ పెట్టారు. వరసలో చివర వచ్చినా, నా లెక్కలో ఇదే అసలు మలుపు.

ఎందుకంటే సేవాసమితి వాళ్లకు మేళా కొత్త కాదు. 1915 హరిద్వార్ కుంభమేళాకు కుంజ్రూ నాయకత్వంలో స్వచ్ఛంద సేవకుల దళం వెళ్లింది. దక్షిణాఫ్రికాలోని ఫీనిక్స్ ఆశ్రమం నుంచి వచ్చిన గాంధీగారి బృందమూ వాళ్లతో కలిసింది. అక్కడ దళం వైద్యుడు డాక్టర్ దేవ్ తవ్వించిన మరుగుదొడ్ల గుంతల్లో మలంపై మట్టి కప్పి, దాన్ని తొలగించే పని తాము చేస్తామని ఆ బృందం ముందుకొచ్చిన సంగతి గాంధీ ఆత్మకథలో ఉంది. మేళాలో పని అంటే అదీ. ఇంకో పక్క స్కౌట్ విద్యను దగ్గర నుంచి చూడండి. రెండు పొడుగు కర్రలు, రెండు చొక్కాలు ఉంటే చాలు. చొక్కాల గుండీలు పెట్టి, చేతుల్లోంచి కర్రలు దూరిస్తే రోగిని మోసుకెళ్లే డోలీ తయారు. స్కార్ఫును మూలకు మూల మడిస్తే విరిగిన చేతికి ఊతం. దానికి వేసే రీఫ్ ముడి చదునుగా కూర్చుంటుంది, ఒంటికి ఒత్తుకోదు, విప్పేటప్పుడు సతాయించదు. అడవిలో ఇవి ఎప్పుడో ఒకసారి అవసరం పడే సరదాలు. లక్షల మంది తోసుకుంటున్న గంగ ఒడ్డున నిత్యావసరాలు. శిబిరం విద్యకు ఇక్కడ ఒక పని దొరికింది, ఆ పనే దాన్ని మనది చేసింది.

దీనికి మొదటి ఆక్షేపణ రాజభక్తి ప్రమాణం. చక్రవర్తికి విధేయుడినని ప్రమాణం చేయించే సంస్థ ఎంత సేవ చేస్తే మాత్రం ఎవరిదవుతుంది? ప్రశ్న న్యాయమైనదే. 1921లో బేడెన్ పావెల్ వచ్చినప్పుడు అనిబిసెంట్ తన సంస్థను ఆయన అధికార బాయ్ స్కౌట్స్ సంస్థలో కలిపేశారు, సేవాసమితి కలవలేదు. అంటే దేశభక్తులంతా ఒకే మాట మీద లేరు. అయితే ఆ ప్రమాణం మీద తగువు సంస్థలను విడదీసింది గాని, కుర్రాళ్లు చేసే పనిని మార్చలేదు. రెండు వైపులా అదే ముడి, అదే డోలీ. ఆ మాటకొస్తే, ఏ ప్రమాణమూ లేకుండానే ఈ అవసరాన్ని పసిగట్టినవాడు మన దగ్గరా ఉన్నాడు. ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య చీరాలలో రామదండు కట్టి, కాషాయ బట్టలు, రుద్రాక్షలతో యువకులను నిలబెట్టాడు. 1921 మార్చి 31న మొదలైన బెజవాడ కాంగ్రెసు సమావేశాలకు విరగబడిన జనాన్ని అదుపు చేసింది ఆ దండే. రామదండు స్కౌట్ సంస్థ కాదు, దాన్ని బేడెన్ పావెల్ ఖాతాలో వేయలేం. జనం ముందు క్రమశిక్షణ గల యువకులు నిలబడాలన్న ఆలోచన మాత్రం ఒకటే.

రెండో ఆక్షేపణ ఇంకా గట్టిది. మేళాల చుట్టూ అల్లుకున్న సేవ సహజంగానే హిందూ రంగు పూసుకుంటుంది. మాలవీయ లాంటి నాయకుడి చేతిలో మరీను. ఇది ఒప్పుకోవలసిందే. కాని 1950 నవంబరు 7న పాత సంస్థలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడినప్పుడు, 1951 ఆగస్టు 15న గైడ్లు చేరినప్పుడు, ఆ కలయికకు పూనుకున్నవాళ్లలో విద్యామంత్రి మౌలానా ఆజాద్ ఉన్నారు, సేవాసమితి నుంచి కుంజ్రూ ఉన్నారు, బాయ్ స్కౌట్స్ నుంచి వివియన్ బోస్ ఉన్నారు. సేవకు మతం రంగు అంటుకుంటుంది, కడిగితే పోతుంది కూడా.

నన్ను ఇబ్బంది పెట్టేది మూడోది. పిల్లల చేత చేయించే సేవ ప్రభుత్వానికి ఉచిత కూలీ, తన బాధ్యత దించుకునే సాకు. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కర ఘాట్ తొక్కిసలాటలో పాతిక మందికి పైగా పోయారు. ఏ దారి తెరవాలి, ఏ రేవులోకి ఎంతమందిని వదలాలి అన్నది అధికారుల నిర్ణయం. అలాంటి చోట జనాన్ని ఆపే తాడు పట్టుకుని నిలబడ్డ స్కౌటు కుర్రాడికి దాని మీద మాట చెల్లదు. అందుకని కుర్రాడిని ఇంటికి పంపమంటే మాత్రం నేను ఒప్పుకోను. తాడు దగ్గర ఉన్నవాడికే ముందుగా తెలుస్తుంది, ముందు వరసలో ఊపిరాడటం లేదని. ఆ కబురు పైకి చేరే ఏర్పాటు ఉందా, ఆ కుర్రాడి మాటకు గేటు మూసే అధికారి ఎవరు అన్నది జాతర లెక్కలు వేసేటప్పుడు అడగవలసిన ప్రశ్న. వచ్చే గోదావరి పుష్కరాలకు అది ఇప్పుడే అడగొచ్చు.