పేరొక్కటే, కొలత వేఱు: లినక్సు పంపిణీల చరిత్ర



క్రొత్త కొలతలు రాకపూర్వము మన పల్లెలలో ధాన్యమును కుంచములతోను మానికలతోను కొలిచెడివారు. కుంచమను పేరు అన్ని యూళ్లకును దెలిసినదే. అయినను ఒక సీమలోని కుంచము మఱియొక సీమ కుంచముతో సరిపోయెడిది కాదు. ఊరూర సరకు అమ్ముకొను వర్తకుఁడు ఎక్కడి కొలత నక్కడ తెలిసికొనక తప్పెడిది కాదు. 1956వ సంవత్సరమున తూనికలు కొలతల చట్టము పుట్టి, 1958 మొదలుకొని క్రమముగా అమలులోనికి వచ్చి, ఆ చిక్కును తీర్చినది. అట్టి చట్టమేదియు లేనిచోట, పేరొక్కటియై కొలతలు వేఱైనపుడు ఏమి జరుగునో నేఁడు మీకు మనవి చేయఁదలఁచితిని. నేను చెప్పఁబోవునది కంప్యూటర్ల ముచ్చట. ఆ పేరు లినక్సు.

బ్యాంకులో మన లెక్క పుస్తకమున పడవలెనన్నను, రైలు టిక్కెట్టు చేతికి రావలెనన్నను, ఎక్కడనో ఒక గదిలో రేయింబవళ్లు నడుచు కంప్యూటరు పని చేయుచుండవలెను. దానిని సర్వరందురు. అందు రెండంతస్తులు గలవు. క్రిందిది యంత్రమును నడుపు ఆపరేటింగు సిస్టము. పైది వర్తకసంస్థలు వెలకు అమ్మెడి సాఫ్టువేరు, లెక్కలను భద్రపఱచు డేటాబేసు వంటిది. క్రిందిది పునాది, పైది యిల్లు. పునాది నొకరును, ఇంటి నొకరును కట్టినపుడు గోడ బీటవాఱినచో జవాబు చెప్పవలసినవారెవరు? ఈ చరిత్ర యంతయు ఆ ప్రశ్న చుట్టును తిరుగుచున్నది.

1983లో అమెరికా దేశస్థుఁడు రిచర్డు స్టాల్మన్, ఎవరైనను చదువుకొని, మార్చుకొని, పంచుకొనఁదగిన ఆపరేటింగు సిస్టమును నిర్మింపఁబూని, దానికి గ్నూ యని పేరిడెను. 1991లో ఫిన్లాండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయమున విద్యార్థిగా నున్న లైనస్ టోర్వాల్డ్స్, అట్టి సిస్టమునకు గుండెకాయ యనఁదగిన కర్నెలును వ్రాసెను. అదియే లినక్సు. అయితే గుండెకాయ యొక్కటియే దేహము కాదు. తక్కిన యవయవములను సమకూర్చి జనులకు అందించుటకు పలువురు పూనుకొనిరి. 1993లో స్లాక్‌వేరు, డెబియన్, 1994లో రెడ్ హ్యాట్, జర్మనీలో సూసె. వీనినే పంపిణీలందురు.

ఎవరి కూర్పు వారిది. ఒకరు సాఫ్టువేరు మూటలను ఆర్‌పీఎం అను విధమున కట్టిరి. మఱియొకరు డెబ్ అను విధమున కట్టిరి. ఫైళ్లను ఉంచు తావులు వేఱు. యంత్రము మేలుకొనునపుడు పనులను ప్రారంభించు పద్ధతి వేఱు. అన్ని ప్రోగ్రాములును ఆధారపడు గ్లిబ్‌సీ యను లైబ్రరీ యొక్క సంచికలు వేఱు. క్రొత్త సంచికకై కట్టిన ప్రోగ్రాము పాత సంచికపై నడవకపోవచ్చును.

మూలవ్రాత బహిరంగముగా నున్న సాఫ్టువేరునకు ఇది పెద్ద బాధ కాదు. ఏ పంపిణీవారు ఆ మూలమును తీసికొని తమ కొలతకు తగినట్లు మఱల కట్టుకొందురు. వర్తకసంస్థ యన్ననో, మూలమును దాఁచుకొని, సిద్ధమైన సరకునే యమ్మును. కావున ప్రతి కొలతకును తానే సరిచూచుకొనవలెను. 5 పంపిణీలు, ఒక్కొక్కదానిలో 3 సంచికలు, తన సాఫ్టువేరులో 4 సంచికలు ఉన్నవనుకొందము. అప్పుడు పరీక్షింపవలసిన జతలు 60 అగును. ఒక్క జత మారినను ఆ శ్రమ మఱల మొదలు.

1998లో ఆరకిల్, ఇన్ఫార్మిక్స్ మొదలగు డేటాబేసు సంస్థలు లినక్సునకు తమ సరకును ఇచ్చుటకు సిద్ధపడినవి. లినక్సునకు అది గొప్ప గౌరవమే. కాని యా గౌరవముతో పాటు ఆమోదపట్టికయు వచ్చినది. పట్టికలోని పంపిణీపై నడిపినచో సంస్థ పూచీ వహించును. వెలుపలిదానిపై నడిపినచో కొన్నవాఁడే సాహసించుకొనవలెను. ఎవరికి నచ్చిన పంపిణీ వారు వాడుకొను స్వేచ్ఛ పునాదిలో నున్నను, పైయంతస్తు ఆ స్వేచ్ఛను కుదించినది.

దీనికి మూఁడు మందులు వేసి చూచిరి.

మొదటిది ఉమ్మడి ప్రమాణము. లినక్సు స్టాండర్డ్ బేస్ అను పేర 2001లో దాని మొదటి సంచిక వెలువడెను. 2006లో అంతర్జాతీయ ప్రమాణముగా గుర్తింపు పొందెను. ఉద్దేశము మంచిదే. కాని ప్రమాణపత్రము లైబ్రరీల పేర్లను, వాని నడవడిని చెప్పఁగలదు గాని, నడిరేయి సర్వరు ఆగినపుడు టెలిఫోనెత్తి పలుకలేదు. పలుకవలసిన వర్తకులు పత్రమును నమ్మక, పంపిణీలను విడివిడిగా పరీక్షించుచునే యుండిరి. 2015లో అయిదవ సంచిక వచ్చినది. ఆ యేఁటనే డెబియన్ వారు దానిని అనుసరించు ప్రయత్నమును చాల భాగము విడిచిరి.

రెండవది పొత్తు. 2002లో కాల్డెరా, కోనెక్టివా, సూసె, టర్బోలినక్స్ అను నాలుగు సంస్థలు యునైటెడ్ లినక్స్ పేర ఒకే పునాదిని కట్టిరి. అందులోని కాల్డెరా యే ఎస్‌సీఓ యని పేరు మార్చుకొని, 2003లో లినక్సు విషయమై ఐబీఎం సంస్థపై వ్యాజ్యము వేసెను. ఇంటివాఁడే యింటిపై దావా వేసిన తరువాత పొత్తు నిలుచునా?

మూఁడవది నిలుకడను అమ్ముట. 2002లో రెడ్ హ్యాట్ వారు సర్వర్లకై ప్రత్యేకమైన పంపిణీని తెచ్చిరి. సంచికను సంవత్సరముల తరబడి మార్పక, లోపములను మాత్రము సవరించుచు, ఆ పూచీకి వెల గట్టిరి. వర్తకులకు కావలసినది ఇదియే. ప్రమాణపత్రము చేయలేని పనిని నిలుకడ చేసినది.

అయితే బలము ఒకచోట పోగైనది. రెడ్ హ్యాట్ మూలమునుండి 2004లో సెంట్ ఓఎస్ అను ఉచిత ప్రతిరూపము పుట్టెను. 2006లో ఆరకిల్ వారును అట్టిదానిని తెచ్చిరి. సెంట్ ఓఎస్ ఎనిమిదవ సంచిక 2029 వఱకు సాగునని నమ్మినవారికి, అది 2021 చివరనే ముగియునని 2020 డిసెంబరులో ప్రకటన వెలువడెను. నమ్మినవారు వేఱు నీడ వెదకుకొనవలసి వచ్చినది. 2021లో ఆల్మా, రాకీ యను పంపిణీలు ఆ లోటును పూరింప వచ్చినవి.

2013లో డాకర్ ప్రచారములోనికి తెచ్చిన కంటైనరు పద్ధతి కొంత యూఱట నిచ్చినది. ప్రయాణికుఁడు తన బియ్యమును, గిన్నెలను మూటగట్టుకొని పోయినట్లు, ప్రోగ్రాము తన లైబ్రరీలను తనతోనే తీసికొనిపోవును. కాని పొయ్యి మాత్రము పరాయిదే. కర్నెలు క్రింది యంత్రముదే. కనుక ఆమోదపట్టికలు చిన్నవైనను మాసిపోలేదు.

ఈ చరిత్ర వలన నాకు తోఁచినది చెప్పెదను. మూలము అందఱిదైనను పూచీ ఎవరో యొకరిది కావలెను. పూచీ యెవరి చేత నున్నదో పెత్తనమును వారి చెంతకే చేరును. మీ సహకారసంఘమునకో, పాఠశాలకో ఇట్టి సరకు నమ్మవచ్చినవారిని మూఁడు ప్రశ్నలడుగుఁడు. ఇది ఏ పంపిణీపై నడుచును? ఆ పూచీ యెన్నేండ్లు? పూచీ తీఱిననాఁడు మా లెక్కలను మేము వేఱొకచోటికి తీసికొనిపోఁగలమా? మూఁడవదానికి సూటియైన జవాబు రానిచో, వెల యెంత తక్కువయైనను ఆ బేరము వలదు.