ఇరవై రోజుల బియ్యం

1944 మార్చిలో బర్మా నుంచి చింద్విన్ నది దాటి మణిపూర్ కొండలెక్కిన జపాన్ సైనికుడి వీపు మీద దాదాపు 20 రోజుల తిండి ఉంది. ఆ గడువులోపే ఇంఫాల్ చేతికొస్తుందని, ఆపైన బ్రిటిష్ గిడ్డంగులే తమకు అన్నం పెడతాయని సేనాధిపతి ముతగుచి రెన్యా లెక్క. ఇదివరకు ఒకసారి నెగ్గిన లెక్కే అది. 1941 డిసెంబరులో మలయాలో దిగిన జపాన్ సేన 70 రోజుల్లో సింగపూర్ పట్టుకుంది. దారిపొడుగునా బ్రిటిష్ వాళ్లు వదిలేసి పోయిన బియ్యం, పెట్రోలు, లారీలు దొరికాయి. సైనికులు వాటిని ‘చర్చిల్ సరుకు’ అన్నారు.

1944 ఫిబ్రవరిలో బర్మాలోని అరకాన్‌లో ఆ లెక్క తప్పింది. జపాన్ సేన చుట్టుముట్టినా బ్రిటిష్ ఇండియన్ దళాలు కదల్లేదు. దాదాపు మూడు వారాలు విమానాలు వాళ్లకు తిండీ తూటాలూ జారవిడిచాయి. చివరికి ఆకలికి ఆగలేక వెనుదిరిగింది చుట్టుముట్టినవాళ్లే. ఇంఫాల్ దాడికి నెల కూడా లేదు. అయినా ముతగుచి ఆగలేదు. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

విమానాలకు బదులు ఆయన వేల పశువులను తోలించాడు. ముందు బియ్యం మోస్తాయి, తర్వాత మాంసానికి పనికొస్తాయి అనుకున్నాడు. కాడి లాగిన ఎద్దు వీపున బరువుతో నిట్టనిలువు కొండ ఎక్కదని ఏ రైతును అడిగినా చెప్పేవాడు. చాలా పశువులు చింద్విన్‌లోనే కొట్టుకుపోయాయి. మరెన్నో బాటలో కాళ్లు జారి సరుకుతో సహా లోయల్లో పడ్డాయి.

ఏప్రిల్ 4న ముతగుచి కింది సేనాని సాతో కొతోకు డివిజన్ ఇంఫాల్‌కు ఉత్తరాన ఉన్న కొహిమా మీద పడింది. డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకు అటొకరు, ఇటొకరు కందకాలు తవ్వుకుని, చేతిబాంబు విసిరేంత దూరంలో పోరాడారు. లోపలి బ్రిటిష్ ఇండియన్ సైనికులకు నీళ్లు కరువైతే, మోటారు ట్యూబుల్లో నింపి పారాచూట్లతో దించారు. బయటివాళ్లకు వెనకనుంచి గింజ రాలేదు. వాళ్ల ఫిరంగులకు గుండ్లు అడుగంటాయి. గడ్డి, నత్తలు, వెదురు కొమ్ములు తిని రాత్రిపూట దాడికి లేచారు. వానలు మొదలయ్యాక మలేరియా, విరేచనాలు తోడయ్యాయి.

తిండి పంపమని సాతో పదేపదే పైవాళ్లకు కబురు పెట్టాడు. మే నెలాఖరున పైవాళ్ల ఆజ్ఞ కాదని తన మనుషులను వెనక్కి నడిపించాడు. జులైలో దండయాత్రే ఆగిపోయింది. వెళ్లిన సుమారు 85,000 మందిలో 30,000 మంది దాకా చనిపోయారు. తూటాలకంటే ఆకలి, జబ్బులే ఎక్కువమందిని తీసుకుపోయాయి. బతికినవాళ్లు తిరిగొచ్చిన దారిని ఎముకల దారి అన్నారు. ఇంఫాల్ వైపు నడిచిన ఆజాద్ హింద్ ఫౌజ్ జవాన్లూ ఆ ఆకలే పడ్డారు. రెండేళ్ల ముందు, 1942లో, రంగూన్ వదిలిన భారతీయ కాందిశీకులెందరో సరిహద్దు ఊరు టాము మీదుగా ఈ కొండలే దాటి నడిచి వచ్చారు. ఆ వలసలో బర్మాలో కోరంగులనిపించుకున్న మన తెలుగు కూలీలూ ఉన్నారు.

కోర్టు మార్షల్ పెట్టండి, అన్నీ అక్కడే చెబుతానని సాతో పట్టుబట్టాడు. డాక్టర్ల చేత మతి స్థిమితం లేదనిపించి, విచారణ లేకుండా ఆయన్ని పక్కకు తప్పించారు. విచారణ జరిగి ఉంటే బియ్యం లెక్క బయటికొచ్చేది.