తెలుగు సినిమా నిడివి

తెలుగు సినిమా నిడివి అంటే సెన్సారు సర్టిఫికెట్టు పడ్డ దగ్గర్నుంచి చివరి పేర్లు పోయేదాకా తెర మీద బొమ్మ ఆడే సమయం. విశ్రాంతి ఈ లెక్కలోకి రాదు. ఒకప్పుడు దీన్ని అడుగుల్లో, రీళ్ళలో చెప్పేవారు, ఇప్పుడు నిమిషాల్లో చెబుతున్నారు. 1932లో సుమారు 108 నిమిషాల ‘భక్త ప్రహ్లాద’తో మొదలైన తెలుగు టాకీ 1950ల నాటికి మూడు గంటలు దాటింది. 1977లో ‘దాన వీర శూర కర్ణ’తో మూడుముప్పావు గంటలకు చేరింది. ఆ తర్వాత రెండున్నర గంటల దగ్గరికి దిగి, 2017 నుంచి మళ్ళీ మూడు గంటల పైకి ఎక్కుతోంది. అంటే పొడుగు సినిమా మనకు పాతదే. దాన్ని పొడిగిస్తున్న కారణాలు మాత్రం కొత్తవి. ఎడిటింగ్ గదిలో తీసుకున్న నిర్ణయం బరువు ముందుగా పడేది నరసరావుపేట, మాచర్ల, గురజాల లాంటి పల్నాటి ఊళ్ళ సినిమా హాళ్ళ మీద. అందుకే ఈ చరిత్రను అటువైపు నుంచి చూడటం అవసరం.

సినిమాకు ముందు

పల్నాటి జనానికి సుదీర్ఘమైన కథ వినే అలవాటు సినిమా నేర్పింది కాదు. కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల ఉత్సవాలు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని అయిదు రోజులు సాగుతాయి. వీరవిద్యావంతులు పల్నాటి వీరుల కథను అంచెలంచెలుగా పాడతారు. కథ అందరికీ తెలిసిందే. అయినా బ్రహ్మన్న ఎత్తుగడలనూ బాలచంద్రుడి పౌరుషాన్నీ మళ్ళీ వినడానికి జనం వస్తారు. కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల దగ్గర తెల్లవార్లూ కార్యక్రమాలు నడుస్తాయి. పద్యనాటకం కూడా రాత్రి భోజనాలయ్యాక మొదలై తొలికోడి కూసేదాకా ఆడేది. నచ్చిన పద్యానికి వన్స్‌మోర్ కొడితే నటుడు మళ్ళీ అందుకునేవాడు. ‘భక్త ప్రహ్లాద’కు మూలం కూడా ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకమే, అందులో నటించింది సురభి నాటక సమాజం వాళ్ళే. ఇలా నాటకం కడుపున పుట్టిన సినిమా మూడు గంటలు సాగిందంటే ఆనాటి ప్రేక్షకుడికి అది పొడుగనిపించే అవకాశమే లేదు.

రీలు లెక్క

35 మి.మీ. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తిరుగుతుంది. అడుగుకు 16 ఫ్రేములు కనుక నిమిషానికి 90 అడుగులు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. మూడు గంటల సినిమా అంటే 16 వేల అడుగుల పైమాటే. సెన్సారు సర్టిఫికెట్టు తెర మీద పడగానే నేల తరగతిలోంచి ‘పదహారు రీళ్ళు’ అని ఎవరో ఒకరు పైకి చదివేవారు. రీళ్ళు ఎక్కువుంటే ఇచ్చిన డబ్బుకు న్యాయం జరిగినట్టే.

ప్రొజెక్టర్ గదిలో మాత్రం ఆ రీళ్ళు మోయాల్సిన బరువు. పక్కా హాళ్ళలో రెండు ప్రొజెక్టర్లు ఉండేవి. ఒకదాని మీద ఆడుతున్న రీలు అయిపోవచ్చిందనగా తెర కుడివైపు పైమూలన చిన్న చుక్క మెరిసేది. అది చూసి ఆపరేటరు రెండో ప్రొజెక్టరును నడిపించేవాడు. వెలుతురు కార్బన్ కడ్డీలది. రెండు కడ్డీల కొసల మధ్య మండే ఆ మంటను అతను కనిపెట్టుకుని ఉండాలి, కడ్డీ అరిగేకొద్దీ దగ్గరికి జరపాలి. కన్ను కాస్త పక్కకు పోతే తెర పసుపెక్కేది, హాల్లో ఈలలు మొదలయ్యేవి. ఊరి బయట డేరా వేసుకునే టూరింగ్ టాకీసుల్లో చాలావాటికి ప్రొజెక్టరు ఒక్కటే. రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి. ఆ ఖాళీల్లో సోడాలు, వేరుశనక్కాయలు అమ్ముడయ్యేవి. మూడు గంటల బొమ్మ అక్కడ మూడున్నర దాటేది.

ఊళ్ళు తిరిగేకొద్దీ సినిమా నిడివి తగ్గేది కూడా. ప్రింటు ముందు పెద్ద ఊళ్ళలో ఆడి, తర్వాత బి, సి సెంటర్లనే చిన్న ఊళ్ళకు వచ్చేది. తెగిన చోటల్లా అతికించినప్పుడు నాలుగైదు ఫ్రేములు పోయేవి. ఇక సెకండ్ షో త్వరగా ముగించాలనుకుంటే హాలువాళ్ళు పాటను ‘లేపేసేవారు’. పట్నంలో చూసొచ్చిన పాట తమ ఊళ్ళో పడకపోతే జనం ఊరుకునేవారు కాదు. కాబట్టి ఏ తెలుగు సినిమాకైనా కాగితం మీది నిడివి ఒకటి, ఊరి నిడివి మరొకటి అనుకోవడమే సబబు.

యుద్ధకాలపు కోత

నిడివి మీద ప్రభుత్వం నేరుగా చెయ్యి వేసింది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో. ముడి ఫిల్ము విదేశాల నుంచి రావాలి, ఓడలు యుద్ధం పనిలో ఉన్నాయి. 1942లో భారత ప్రభుత్వం సినిమా 11 వేల అడుగులు మించకూడదని హద్దు పెట్టింది. అంటే రెండు గంటలు, దాని మీద రెండు నిమిషాలు. మరుసటేడు ఫిల్ముకు లైసెన్సు పద్ధతి కూడా వచ్చింది. యుద్ధం ముగిసి ఆంక్షలు పోగానే సినిమా మళ్ళీ పొడుగైంది. గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టగా ఎల్.వి. ప్రసాద్ పూర్తి చేసిన ‘పల్నాటి యుద్ధం’ విడుదలైంది ఆ కొత్త స్వేచ్ఛలోనే, 1947లో.

మూడు గంటల వైభవం

1951 నాటి ‘పాతాళ భైరవి’ 195 నిమిషాలు. 1957లో కె.వి. రెడ్డి తీసిన ‘మాయాబజార్’ 184 నిమిషాలు. 1963లో వచ్చిన తొలి పూర్తి రంగుల తెలుగు చిత్రం ‘లవకుశ’ 208 నిమిషాలు, అందులో పాటలూ పద్యాలూ కలిపి ముప్పైకి పైనే. ఈ సినిమాలకు పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవారు. ఇంత శ్రమపడి వచ్చిన వాళ్ళకు రెండు గంటల్లో శుభం కార్డు చూపిస్తే బాకీ పడ్డట్టు ఉండేది.

వీటన్నిటికీ మించింది 1977 సంక్రాంతికి విడుదలైన ‘దాన వీర శూర కర్ణ’. నిడివి 226 నిమిషాలు, ఇరవై వేల అడుగుల పైచిలుకు ఫిల్ము. ఎన్.టి. రామారావు దర్శకుడు, నిర్మాత. కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడు వేషాలూ ఆయనవే. మహాభారత కథతోనే హీరో కృష్ణ సినిమా ‘కురుక్షేత్రం’ కూడా అదే పండక్కి పోటీకి దిగింది. కర్ణుడి సినిమాకు మాటలు రాసిన కొండవీటి వెంకటకవి ఇప్పటి పల్నాడు జిల్లా విప్పర్లలో పుట్టిన పండితుడు, పొన్నూరు సంస్కృత కళాశాలలో పనిచేసినవాడు. గట్టి సమాసాలతో నిండిన ఆ సంభాషణలు కోతకు లొంగవు. దుర్యోధనుడి సభలోని వాదం మధ్యలో ఒక్క వాక్యం తీసేస్తే తర్వాతి వాక్యానికి ఆధారం పోతుంది. తిరుపతి వేంకట కవుల పద్యాలదీ అదే దారి. అర్థమైనా కాకపోయినా ఆ మాటలను రికార్డు పెట్టుకుని విన్న పల్లెలున్నాయి. ఈ సినిమా నిడివికి మూలం భాషలో ఉంది. తర్వాత వచ్చిన పొడుగు సినిమాలను తూచడానికి ఇంతకన్నా మంచి తూకంరాయి మనకు లేదు.

నాలుగు ఆటల గడియారం

1980, 90లలో నిడివి రెండున్నర, రెండుముప్పావు గంటల మధ్య కుదురుకుంది. అందుకు కథలు మారడం ఒక కారణమైతే, ఆటల వేళలు ఇంకా పెద్ద కారణం. మార్నింగ్ షో పదకొండుకు, మ్యాట్నీ రెండున్నరకు, ఫస్ట్ షో ఆరుకు, సెకండ్ షో తొమ్మిదిన్నరకు అనుకుంటే ఆటకూ ఆటకూ మధ్య 210 నిమిషాలు. విశ్రాంతికి పావుగంట, హాలు ఖాళీ చేసి ఊడ్చి మళ్ళీ నింపడానికి ఇరవై నిమిషాలు తీస్తే సినిమాకు మిగిలేది 175 నిమిషాలు. దానికి లోబడితే నాలుగు ఆటలూ తొందరపడకుండా పడతాయి. మీరితే వేళలైనా జరపాలి, ఒక ఆటైనా వదులుకోవాలి.

ఆ కొలతలోనే ఆరు పాటలు, నాలుగైదు ఫైట్లు, కథతో సంబంధం ఉన్నా లేకపోయినా ఒక కామెడీ ట్రాకు ఇరికించేవారు. ఆ ట్రాకుకు పెద్ద దిక్కయిన బ్రహ్మానందం కూడా సత్తెనపల్లి ప్రాంతంవాడే. జంధ్యాల ‘అహ నా పెళ్ళంట’ (1987) తర్వాత రెండు దశాబ్దాలు ఆయన కోసం విడిగా సన్నివేశాలు రాసిన సినిమాలు కొల్లలు. నిడివి తగ్గించమంటే ముందు కత్తెర పడాల్సిన భాగం అది. కానీ జనం నవ్వేది అక్కడే, అందుకే దాని జోలికి ఎవరూ వెళ్ళలేదు.

మల్టీప్లెక్సులు వచ్చాక ఒకే తెర మీద రోజుకు ఐదారు ఆటలు వేసుకోవాలన్న ఆశ పుట్టింది. 2010 తర్వాత కొన్నేళ్ళు రెండుంబావు గంటల సినిమా మెచ్చుకోలు పొందింది. ‘పెళ్ళి చూపులు’ (2016) రెండు గంటలు కాస్త దాటి ముగిసింది. పొడుగైతే విడుదలయ్యాక కూడా కోసేవారు: 2014 సంక్రాంతికి వచ్చిన ‘1: నేనొక్కడినే’ నుంచి సుమారు ఇరవై నిమిషాలు తీసేశారు. ఫిల్ము కాలంలో ఈ కోత ప్రతి ప్రింటు దగ్గరా విడివిడిగా జరగాలి. డిజిటల్ వచ్చాక కొత్త కాపీ పంపిస్తే చాలు.

ఫిల్ము పోయాక

2005 తర్వాత క్యూబ్, యూఎఫ్ఓ లాంటి సంస్థల పరికరాలు జిల్లా ఊళ్ళ హాళ్ళకూ చేరాయి. పది పదిహేనేళ్ళలో ఫిల్ము డబ్బాల రాకపోకలు ఆగిపోయాయి. షూటింగు కూడా డిజిటల్‌కు మారడంతో నిడివికి ఉన్న రెండు సహజమైన కళ్ళేలూ తెగాయి. మొదటిది షూటింగులో: నాలుగు వందల అడుగుల మ్యాగజీను నాలుగున్నర నిమిషాల్లో అయిపోయేది, ప్రతి అడుగూ డబ్బే, అందుకని దర్శకుడు ‘కట్’ చెప్పడానికి ఆలస్యం చేసేవాడు కాదు. రెండోది పంపిణీలో: అరగంట పెరిగితే ఒక్కో ప్రింటుకు 2,700 అడుగుల ఖర్చు పెరిగేది. ఇప్పుడు ఆ అరగంట దాదాపు ఉచితం.

దీనికి హీరోను ఎత్తి చూపే ఎలివేషన్ల మోజు తోడైంది. హీరో నాలుగు సెకన్లలో నడిచే దూరాన్ని సెకనుకు 48 ఫ్రేముల చొప్పున తీసి మామూలు వేగంతో ఆడిస్తే ఎనిమిది సెకన్లవుతుంది. ప్రతి ప్రవేశానికీ ఇలా చేస్తూ పోతే కథ అంగుళం కదలకుండానే నిమిషాలు పోగవుతాయి. వెంకటకవి మాటలతో పెరిగిన నిడివినీ దీన్నీ ఒక గాటన కట్టలేం.

మళ్ళీ మూడు గంటలు

మలుపు 2017లో వచ్చింది. ఆ ఆగస్టులో విడుదలైన ‘అర్జున్ రెడ్డి’ 182 నిమిషాలు. పెద్ద హీరో లేడు, పురాణం కాదు, అయినా కుర్రకారు కదలకుండా కూర్చుని చూశారు. మరుసటేడు ‘మహానటి’ 177 నిమిషాలు. సావిత్రి జీవితానికి అంత సమయం న్యాయమేనని ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నారు. ఆపైన ‘పుష్ప: ది రైజ్’ (2021) 179, ‘ఆర్ఆర్ఆర్’ (2022) 182, ‘కల్కి 2898 ఏడీ’ (2024) 181 నిమిషాలు. 2024 డిసెంబరు 5న వచ్చిన ‘పుష్ప 2: ది రూల్’ 200 నిమిషాలు దాటింది. అది చాలదన్నట్టు 2025 జనవరిలో మరో ఇరవై నిమిషాలు కలిపి మళ్ళీ వేశారు. అందరికీ ఈ పొడుగు కలిసిరాలేదు. ‘అంటే సుందరానికీ’ (2022) బాగుందన్నవాళ్ళు కూడా దాదాపు మూడు గంటల నిడివిని తప్పుపట్టారు.

ఒక కథను రెండు భాగాలు చేయడం కూడా నిడివి పెంచడమే. ‘బాహుబలి’ని 2015లో, 2017లో రెండు సినిమాలుగా చూపించారు. ఆ రెంటినీ కుదించి 2025 అక్టోబరు 31న ‘బాహుబలి: ది ఎపిక్’ పేరిట మూడుముప్పావు గంటల ఒకే సినిమాగా తెచ్చారు. కోసి కుదించాక కూడా ‘దాన వీర శూర కర్ణ’కు దీటుగా నిలిచిందంటే, ఆ కథకు మొదట తీసుకున్న సమయం ఎంతో ఊహించవచ్చు.

ఆటలు తగ్గితే రాబడి తగ్గాలి కదా అన్న ప్రశ్నకు జవాబు విడుదల పద్ధతిలో ఉంది. పాత సినిమా కొద్ది ప్రింట్లతో మొదలై వందరోజులు ఆడేది. ఇప్పటి పెద్ద సినిమా దేశమంతటా వేల తెరల మీద ఒకే రోజు దిగి, మొదటి వారాంతంలోనే చాలావరకు రాబట్టుకుంటుంది. పోయిన ఒక్క ఆటను పెరిగిన తెరలు, పెంచిన టికెట్టు ధర పూడుస్తాయి. ఈ పోకడ మనది మాత్రమే కాదు. హాలీవుడ్‌లో ‘ఓపెన్‌హైమర్’ (2023) మూడు గంటలు, ‘ది బ్రూటలిస్ట్’ (2024) విరామంతో కలిపి 215 నిమిషాలు. విశ్రాంతి అలవాటు పోయిన ఆ హాళ్ళలో ‘బ్రూటలిస్ట్’ కోసం పావుగంట విరామం పెట్టాల్సి వచ్చింది.

చిన్న ఊరి హాలు

పోయిన ఆటను పెరిగిన తెరలు పూడుస్తాయన్న ఆ లెక్క పదీ పన్నెండు తెరలున్న నగరానికి సరిపోతుంది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేట జిల్లా కేంద్రమైంది కానీ, చుట్టుపక్కల మండలాల నుంచి వచ్చేవాళ్ళ రాకపోకల తీరు అంతగా మారలేదు. ఆరున్నరకు మొదలైన రెండున్నర గంటల సినిమా విశ్రాంతితో కలిపి తొమ్మిదింబావుకు వదిలేది. అదే వేళకు మొదలైన 200 నిమిషాల సినిమా పదింటికి కాస్త అటూఇటూగా వదులుతుంది. ఆ తర్వాత సెకండ్ షో పదిన్నరకు వేస్తే అర్ధరాత్రి దాటి రెండవుతుంది. మోటారు సైకిలున్న కుర్రాడికి ఇది పట్టదు. పిల్లల్ని వెంటబెట్టుకుని పల్లె నుంచి వచ్చిన ఆడవాళ్ళకు, తెల్లారి పొలం పనికి పోవాల్సిన వాళ్ళకు పట్టింపే. వాళ్ళు ఫస్ట్ షో మానుకుని మ్యాట్నీకి రావాలి, లేదా కొన్ని వారాలు ఆగి ఇంట్లో ఫోనులో చూసుకోవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ఆటల సంఖ్య ప్రభుత్వ ఉత్తర్వులకు లోబడి ఉంటుంది. 2021లో రోజుకు నాలుగే ఆటలని గట్టిగా అమలు చేశారు. 2022 మార్చి ఉత్తర్వులో అయిదో ఆటకు వీలిస్తూ, వాటిలో ఒకటి చిన్న సినిమాకు ఇవ్వాలన్నారు. మూడుంబావు గంటల సినిమాతో అయిదు ఆటలు వేయాలంటే ఆటకు నాలుగు గంటల చొప్పున ఇరవై గంటలు కావాలి. తెల్లవారుజామున మొదలుపెడితే తప్ప అది కుదరదు, కుదిరినా మధ్యలో చిన్న సినిమాకు మంచి వేళ దక్కడం కష్టమే. పెద్ద సినిమా పొడుగయ్యేకొద్దీ రెండు గంటల చిన్న సినిమాకు జిల్లా ఊళ్ళలో చోటు ఇరుకవుతోంది.