చెరువు కనబడే ఇల్లు

మా పన్నెండో అంతస్తు బాల్కనీలోంచి గండిపేట చెరువు కనబడుతుంది. ఆ చూపుకే ధర ఎక్కువ కట్టాం.

1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచేసింది. మళ్లీ ముంచకుండా 1920లో ఈ ఉస్మాన్ సాగర్, 1927లో ఈసీ నది మీద హిమాయత్ సాగర్ కట్టారు. ఒకటి నిజాం పేరు, రెండోది కొడుకు పేరు. కట్టపోసిన కూలీల పేర్లు ఏ చెరువుకూ లేవు.

1996లో, సరిగ్గా మార్చి 8న, ఈ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలనూ పెద్ద కట్టడాలనూ నిషేధిస్తూ 111 జీవో వచ్చింది. 2022లో 69 జీవో ఆ నిషేధాన్ని సడలించింది. మా టవరు ఆ హద్దుకు బయట, పాత చేలల్లో లేచింది.

"ఈడ్నే మా జొన్నచేనుండె అమ్మా. మా మామ అమ్మిండు. ఎంతకమ్మిండో మా అత్తకే తెల్వదు" అంది మా ఇంట్లో పనిచేసే ఆమె, గిన్నెలు తోముతూ.

అప్పటి ఆంధ్రప్రదేశ్ 1985లోనే ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు సమాన వాటా ఇచ్చింది. అత్తింటి చేలో కలుపుతీసే కోడలికి ఆ చట్టంలో చోటు లేదు.

ఆ రాత్రి మా ఫ్లాటు లింకు డాక్యుమెంట్లు తీసి చూశాను. నేల అమ్మినవాళ్లలో ఒక్క ఆడమనిషి వేలిముద్రయినా లేదు. కొన్నవాళ్లలో నా సంతకం ఉంది.